చెట్టు మీది కేక

"ఆ పిల్ల ఈ గడప తొక్కడానికి వీల్లేదు," అన్నది అత్తగారు అచ్చాయమ్మ. పనసపొట్టు కొడుతున్న ఆమె కత్తి మాత్రం లయ తప్పలేదు. "వానలో నిలబడితే నిలబడనీ. తడిసి తడిసి తనే పోద్ది."

సత్యప్రియ కిటికీ దగ్గర నుంచి కదలలేదు.

గేటు దాటి వచ్చి, అరుగు ఎక్కకుండా, కొబ్బరిచెట్ల కింద కరుణ నిలబడి ఉంది. చెప్పులు విడిచింది. కుడిచేయి మెడకు వేసిన కట్టులో ఉంది. ఎడమచేతిలో గొడుగు ఉంది గాని, ఒంటిచేత్తో విప్పలేక మడిచే పట్టుకుంది. దారిలో ఎవరిని అడిగినా విప్పి ఇచ్చేవారు. అడగలేదన్నమాట.

"మురళి పడుకున్నాడని చెప్పించేను కదమ్మాయ్," అన్నాడు జగ్గయ్య విసుగ్గా. సత్యప్రియకు చినమామగారు, అంబాజీపేటలో కొబ్బరి వర్తకుడు. ప్రమాదం జరిగి ఆమె భర్త మురళీమోహన్‌ను ఆసుపత్రి నుంచి అమలాపురంలోని ఇంటికి తెచ్చినప్పటి నుంచి ఈ ఇంటి మాటంతా ఆయన నోటి మీదుగానే నడుస్తోంది. "ఎన్నిసార్లు చెప్పించినా మళ్లీ వస్తాదేంటి?"

"ఆయన పడుకోలేదు కదండీ, చినమావయ్యగారూ."

"పడుకున్నట్టే."

సత్యప్రియ ఆ మాటకు బదులు చెప్పలేదు. ఈ ఇంట్లో బదులు చెప్పకపోవడం ఒక మర్యాద.

రేపు రాజమండ్రిలో ప్రమాదం మీద విచారణ. ఎల్లుండి అమలాపురంలో మురళీమోహన్‌కు సన్మానం. ఈ రెంటికీ మధ్య ఒక్క రాత్రి ఉంది.

కిందటి నెల ముసురులో, సముద్రంలోని ఆయిల్ రిగ్గు నుంచి పనివాళ్లను తీసుకువస్తున్న హెలికాప్టర్ గోదావరి మొగ దగ్గర నీళ్లలో కూలింది. నడిపినవాడు మురళీమోహన్. పక్కసీటులో కో-పైలట్ కరుణ. విరిగిన పక్కటెముకలతో, నుజ్జయిన కాలితో, మునుగుతున్న ఆ యంత్రంలోకి మళ్లీ మళ్లీ దూరి నలుగురిని బయటికి లాగాడు మురళీమోహన్. ఐదోవాడు, ఐ.పోలవరం కుర్రాడు విజయ్ కుమార్, అందలేదు. మాటలు రికార్డయ్యే పెట్టెతో సహా యంత్రం బురదలో కూరుకుపోయింది. ఆ ఆఖరి నిమిషాల్లో ముందుసీట్లలో ఎవరు ఏమన్నారో తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే మిగిలారు. ఒకరు లోపల మంచం మీద. ఒకరు బయట వానలో.

ఆసుపత్రి గుమ్మంలో టీవీవాళ్లు మైకు పెట్టినప్పుడు, "పక్కనున్న అమ్మాయి ఎత్తు తగ్గుతోందని చెప్పలేదండి, అదీ సంగతి," అన్నాడు జగ్గయ్య. అబద్ధానికి కాళ్లుండవంటారు. కోనసీమలో దానికి ఆర్టీసీ బస్సు దొరుకుతుంది. ఆ సాయంత్రానికే రావులపాలెం అరటి మార్కెట్టులోనూ, అమలాపురం గడియారస్తంభం దగ్గరా అదే మాట.

మురళీమోహన్ ఆ మాటను అనలేదు. కాదనీ అనలేదు.

"కడియం నుంచి గజమాల చెప్పేను," అన్నాడు జగ్గయ్య, సంగతి మార్చడానికి. "అదెవరి చేత వేయిస్తున్నానో తెలుసా? గంగాదేవి చేత."

సత్యప్రియ తిరిగి చూసింది. "విజయ్ కుమార్ భార్య చేతనాండీ?"

"ఆయ్. పోయినవాడి పెళ్లామే వచ్చి దండేస్తే ఇంక నోరెత్తేదెవడు? కబురంపేను. ఇవాళో రేపో దిగుద్ది."

"ఆవిడకు అంతా తెలిసే వేస్తోందాండీ?"

"ఏం తెలియాలమ్మాయ్? మనవాడు తన ప్రాణం లెక్కచెయ్యకుండా వాడికోసం మళ్లీ నీళ్లలో మునిగేడు. అబద్ధమా?"

అబద్ధం కాదు. సత్యప్రియకు మింగుడుపడనిది అదే. తన భర్త ధీరుడన్నది అక్షరాలా నిజం. ఆ నిజాన్ని తెచ్చి ఇంకో నిజం మీద బోర్లించి మూత పెడుతున్నారు.

ఆమె వెళ్లి తలుపు తీసింది. వానలోకి దిగి, కరుణ చేతిలోని గొడుగు తీసుకుని, విప్పి, ఇద్దరి మీదా పట్టింది.

"లోపలికి రామ్మా."

"కోడలా!" అన్నది అచ్చాయమ్మ.

"తడిసి జ్వరమొస్తే ఆ పాపం మనకే అత్తయ్యగారూ," అన్నది సత్యప్రియ, దండెం మీది తువ్వాలు తీసి కరుణకు అందిస్తూ.

కరుణ తల తుడుచుకోలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, "సార్‌తో ఒక్కమాట చెప్పి వెళ్లిపోతానండి," అన్నది.

జగ్గయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన గొంతు మెత్తబడింది. ఆయన గొంతు మెత్తబడితే అంబాజీపేటలో కొబ్బరి ధర పడిపోతుందని పేరు.

"ఇస్సాకు మాస్టారి అమ్మాయివి. రాజోలు హైస్కూల్లో హెడ్మాస్టరు చేసినాయన. మర్యాదస్తులు మీరు. మీ తాత మా తోటలో కొబ్బరి దింపు తీసేవాడు, నీకు తెలుసో లేదో. మా ఇంటన్నం తిన్న కుటుంబం మీది. పెద్దోళ్ల మీద సాక్ష్యం చెప్పడానికి నోరెలా వస్తాది తల్లీ?"

కత్తి చప్పుడు కొంచెం నెమ్మదించింది. అచ్చాయమ్మ వింటోంది.

కరుణ ముఖంలో కోపం రాలేదు. సత్యప్రియ దానికోసమే చూసింది. రాలేదు.

"ఆయ్. తాతగారు దింపు తీసేవారండి," అన్నది కరుణ. "చెట్టెక్కి, గెల నరికేముందు గట్టిగా కేకేసేవారంట. ఆ కేక వినపడితే కిందున్నోళ్లు తప్పుకునేవారంటండి. మీ నాన్నగారున్నా సరే, పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తేవారంట. పైనున్నోడు కూలోడు కదా, వీడి మాట నేను వినేదేంటని ఎవరూ నిలబడలేదండి."

"నిలబడితే బుర్ర పగిలిపోదూ," అన్నది అచ్చాయమ్మ, తనకు తెలియకుండానే.

"అదేనండి మామ్మగారూ."

జగ్గయ్య వదినగారి వైపు ఒక చూపు చూశాడు. అచ్చాయమ్మ పనసకాయ మీదికి వంగింది. కత్తి మళ్లీ జోరందుకుంది.

సత్యప్రియ కరుణ భుజం మీద చేయి వేసి పెరటివైపు గదికి నడిపించింది.

మురళీమోహన్ కిటికీకి ముఖం పెట్టి పడుకుని ఉన్నాడు. తలగడల మీద కాలు ఎత్తిపెట్టి ఉంది. గది ఉక్కగా ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఆయన ఫ్యాను వేయనివ్వడం లేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. సత్యప్రియే పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతోంది.

"ఎవరు సత్యా?"

"కరుణండి."

చాలాసేపు ఆయన తల తిప్పలేదు. తిప్పినప్పుడు మాత్రం ఆ పాత నవ్వే నవ్వాడు. వరదల్లో లంకల మీద ఆహారం పొట్లాలు దించుతూ, కింద చేతులెత్తిన జనాన్ని చూసి నవ్విన నవ్వు.

"రా. కుర్చీ లాక్కో. చెయ్యెలా ఉంది?"

"అతుక్కుంటందండి. మీ కాలు, సార్?"

"దానికీ అదే పని. కాఫీ తాగుతావా?"

"వద్దండి." కరుణ కుర్చీ అంచున కూర్చుంది. "రేపు అక్కడ ఏం చెప్పబోతున్నానో ముందు మీకు చెప్పి వెళ్దామని వచ్చేనండి. మీ పరోక్షంలో అనడం నాకిష్టం లేదు."

సత్యప్రియ చేతిలో విసనకర్ర ఒక్క క్షణం ఆగింది. ఈ ఊరిలో కోర్టులున్నాయి. సాక్ష్యాలు చెప్పినవాళ్లను ఆమె చాలామందిని ఎరుగును. ఏ మనిషి మీద చెప్పబోతున్నారో ఆ మనిషి గుమ్మానికే వచ్చి, వానలో నిలబడి, ముందుగా చెప్పి వెళ్లినవాళ్లను మాత్రం ఎరగదు. ఇంతటి మర్యాద ఈ పిల్లకు ఎవరు నేర్పారు?

"చెప్పు," అన్నాడు మురళీమోహన్.

"తీరం మీద ముసురు కనపడగానే వెనక్కి రిగ్గుకెళ్లిపోవచ్చండి. ఇంధనం ఉంది. మబ్బు కిందనుంచి గోదావరి పాయ పట్టుకుని దూరిపోదామన్నారు మీరు. ఈ తీరం మీకు అరచేతి గీతల్లా తెలుసునన్నారు. వాన కమ్మేసేక నీళ్లేవో ఆకాశమేదో తెలీలేదు. ఎత్తు తగ్గిపోతందని చెప్పేను. మీరు 'ఊఁ' అన్నారు. తరవాత, 'సార్, ఓసారి వెనక్కి తిరిగితే బాగుంటుందేమోనండీ' అన్నాను. మీరు..."

ఆమె ఆగింది.

"ఆపేవేం?"

"మీరు మంచిమాటే అన్నారండి. అది విని నేనూరుకున్నాను. రెండుసార్లు చెప్పినా యంత్రం దిగిపోతూనే ఉంటే, గట్టిగా 'గో అరౌండ్' అనాలండి, దిగడం మాని పైకి లేపమని. అప్పటికీ లేపకపోతే నేనే చేతుల్లోకి తీసుకోవాలి. అది రూలు. నేను కేకెయ్యలేదు. అడిగేను. అది నా తప్పండి. రేపు మీదీ చెప్తాను, నాదీ చెప్తాను."

బయట చూరు నీళ్లు పడుతున్నాయి.

"చూడు కరుణా," అన్నాడు చివరికి, పక్కటెముకల మీద చేయి వేసుకుని. "ఎత్తు చెప్పలేదన్న మాట మా చిన్నాన్నది. దాన్ని నేను తీయించేస్తాను. ఇద్దరం అనుకునే దిగేమని చెప్పు, చాలు. వాతావరణం మోసం చేసింది. నీ లైసెన్సుకేం కాదు. కంపెనీవాళ్లతో మాట్లాడతాను. నేను చూసుకుంటాలే."

ఆ మాట అయిన తరువాత గదిలో గాలి కదలలేదు. సత్యప్రియ చేయి ఆగిపోయింది. కరుణ తల దించుకుంది. మురళీమోహన్ వారిద్దరినీ మార్చి మార్చి చూశాడు. అప్పుడు ఆయనకు తెలిసింది, ఆనాడు తాను అన్న మంచిమాటా ఈ 'చూసుకుంటాలే' అన్నదేనని.

తెలియగానే ఆయనకు కోపం వచ్చింది.

"ఏంటి నీ ఉద్దేశం? నాకు నడపడం రాదనా? నువ్వు పలక పట్టుకోకముందే ఏటిగట్టు తెగిన చీకట్లో నిండుచూలాలిని పెంకుటింటి కప్పు మీంచి తీసుకొచ్చినోణ్ణి!"

"మీ అంత బాగా నడిపేవారిని నేనింతవరకూ చూడలేదండి," అన్నది కరుణ. "అందుకే నాకు నోరు లేవలేదు."

ఆయన చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"మా స్కూలు సైకిలు షెడ్డు గుర్తుందాండి?"

గుర్తుంది. ఆ కథ ఈ ఇంట్లో ప్రతి పండగకూ పళ్లెంలో పడేదే. వరద సహాయానికి వచ్చి రాజోలు హైస్కూలు ఆటస్థలంలో దిగినప్పుడు, ఆ గాలికి సైకిలు షెడ్డు తాటాకు కప్పు మొత్తం లేచిపోయి పక్కవాళ్ల చెరువులో పడింది. వారం తిరగకుండా మురళీమోహన్ తన సొంత తోట నుంచి తాటాకు బండి తోలించి, దగ్గరుండి కప్పించాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నా నవ్వే. ఇప్పుడూ ఆయన పెదవి కొస కదిలింది.

"నేనప్పుడు ఆరో తరగతండి. మేవంతా చప్పట్లు కొట్టేం. పైలట్‌నైతే ఈయనలాగే అవ్వాలని ఆ రోజే అనుకున్నాను. మా నాన్నగారు ఎర్రగుడ్డ పట్టుకుని గ్రౌండు మధ్యలో నిలబడి ఊపేరండి, ఇక్కడ షెడ్డుంది, దిగొద్దని. మీరు చూసేరు. చెయ్యూపి దిగేరు. ఆ కథ మేవూ చాలాసార్లు చెప్పుకున్నాం. నాన్నగారి గుడ్డ సంగతి మాత్రం ఎవరం చెప్పుకోలేదండి."

మురళీమోహన్ పెదవి కొస మళ్లీ దిగిపోయింది.

సత్యప్రియ ఆ కథను ఎంతమంది చుట్టాలకు, ఎంత మురిపెంగా వినిపించిందో లెక్కలేదు. అందులో ఒక మనిషి గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడని ఆమెకు ఇవాళే తెలిసింది.

"ఆ మాట ఇప్పుడను," అన్నాడు ఆయన ఉన్నట్టుండి.

"ఏ మాటండి?"

"ఆ రోజు ఎలా అనాలో అలా."

కరుణ తడబడింది. "గో అరౌండ్," అన్నది.

"మీ తాత ఇలాగే కేకేసేవాడా?"

హాలులో మాటలన్నీ ఆయన మంచం మీంచే విన్నాడన్నమాట.

కరుణ లేచి నిలబడింది. ఊపిరి పీల్చుకుంది. "గో అరౌండ్!" అని అరిచింది.

ఇల్లు అదిరింది. హాలులో కత్తి చప్పుడు ఆగిపోయింది. పెరట్లో కొబ్బరిమట్టల మీది కాకులు లేచాయి.

సత్యప్రియ కాకులను చూడలేదు. భర్త ఎడమచేతిని చూస్తోంది. ఆ చేయి, దుప్పటి మీద ఊరికే పడి ఉన్న చేయి, పిడికిలి బిగించి జానెడు పైకి లేచింది. హెలికాప్టర్‌ను పైకి లేపే మీట ఎడమచేతికి ఉంటుందని పెళ్లయిన కొత్తలో ఆయనే ఆమెకు చెప్పాడు.

ఆయన కూడా ఆ చేతిని చూసుకున్నాడు. పరాయివాడి చేతిని చూసినట్టు చూసుకున్నాడు.

"లేపేవాణ్ణే," అన్నాడు మెల్లగా. "నువ్వలా అరిచుంటే లేపేవాణ్ణి."

"ఆయ్. అది కూడా రేపు చెప్తానండి," అన్నది కరుణ. ఆమె కళ్లలో నీళ్లు నిలిచాయి. గొంతులో మాత్రం లేవు.

"నా పక్కన కూర్చుని నువ్వలా అరవగలిగేదానివా?"

కరుణ సత్యప్రియ వైపు చూసింది. సత్యప్రియ గోడ వైపు చూసింది. ఈ ఇంట్లో ఆయన ఎదుట అలా అరిచిన గొంతు ఇదే మొదటిది.

గేటు చప్పుడైంది. హాలులో నుంచి జగ్గయ్య గొంతు, తేనె పూసుకుని, వినిపించింది. "రామ్మా గంగాదేవీ, రా. రేపొస్తావనుకున్నాను. అయ్యగారు పడుకున్నారమ్మా. నువ్వలా కూర్చో, కాఫీ తెప్పిస్తాను."

మురళీమోహన్ కళ్లు మూసుకున్నాడు.

"పెరటిదారిన వెళ్లిపోనాండి, ఆంటీ?" అన్నది కరుణ.

"ఎందుకు? నువ్వు దొంగవా? కూర్చో," అన్నది సత్యప్రియ. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"సత్యా..." అన్నాడు ఆయన. అని ఆగాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన అలా ఆపిన మాటలన్నీ ఆమే పూర్తిచేసింది. పడుకున్నారనో, పూజలో ఉన్నారనో, ఊళ్లో లేరనో వాకిట్లో ఆమే చెప్పింది. ఈసారి ఆ మాట ఆయనే పూర్తిచేస్తాడేమోనని నిలబడింది. ఆయన పూర్తిచేయలేదు. ఆమె హాలులోకి నడిచింది.

గంగాదేవి గడప ఇవతల, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పాతికేళ్లు దాటని పిల్ల. చీరచెంగు తడిసి ఒంటికి అంటుకుంది. పనసపొట్టు పళ్లెం ముందు అచ్చాయమ్మ కదలక మెదలక కూర్చుని ఉంది.

"అయ్యగారు నిద్దరోతున్నారంటగదండి," అన్నది గంగాదేవి. "లేపకండి. లేచేదాకా ఇక్కడే కూకుంటానండి. దండెయ్యమన్నారు, ఏత్తానండి. మా ఆయన కోసం అంత కట్టపడ్డోరు. ఏసే ముందు ఒక్కమాట అడగాలండి. మావోడు ఆకర్ని ఏవన్నా అన్నాడేమోనని. అయ్యగారికి తప్ప ఇంకెవరికి తెలుత్తాదండి?"

"తరవాత అడుగుదువుగాని తల్లీ. ముందు కాఫీ..." అన్నాడు జగ్గయ్య.

"పడుకోలేదమ్మా," అన్నది సత్యప్రియ. "మెలకువగానే ఉన్నారు. రా."

"అమ్మాయ్!"

జగ్గయ్య కుర్చీలో నుంచి సగం లేచాడు. లేచినవాడు అలాగే నిలబడిపోయాడు. అచ్చాయమ్మ పొట్టు పళ్లెం పక్కకు జరిపి, గంగాదేవికి దారి ఇచ్చింది. ఎందుకు జరిపిందో ఆమె ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

గదిలో మురళీమోహన్ లేచి కూర్చోవడానికి పెనుగులాడుతున్నాడు. కరుణ బాగున్న ఒక్క చేతినీ ఆయన వీపు వెనక ఆనించి లేవనెత్తుతోంది. నొప్పికి ఆయన నుదుట చెమట పోసింది. గంగాదేవి గుమ్మంలో నుంచే రెండు చేతులూ జోడించింది.

ఆయన ఆ నమస్కారం అందుకోలేదు.

"ఫ్యాను వెయ్యి సత్యా," అన్నాడు. "ఆవిడ దూరం నుంచి వచ్చింది."

సత్యప్రియ స్విచ్చి నొక్కింది. రెక్కలు మొదట విడివిడిగా తిరిగాయి, తరువాత ఒకటిగా కలిసిపోయాయి. ఆ చప్పుడు గదిని నింపింది. మురళీమోహన్ తలెత్తి దానివైపే చూశాడు. దవడ బిగుసుకుంది. కళ్లు మాత్రం మూసుకోలేదు.

గంగాదేవి నేల మీద కూర్చోబోయింది. "కుర్చీలో," అన్నాడు.

ఆమె బెదురుతూ కుర్చీలో కూర్చుంది. అడగాల్సిన మాటను నోట్లోనే కూడదీసుకుంటోంది. జగ్గయ్య తలుపు దగ్గరికి వచ్చి, "ఒరే మురళీ, ఆలోచించుకో," అన్నాడు.

మురళీమోహన్ ఆయన వైపు చూడలేదు.

"నీ మొగుడు ఏమన్నాడో తరవాత చెప్తాను గంగాదేవీ," అన్నాడు. "ముందు నేనేమన్నానో విను."